హైడ్రాలిక్ క్లచ్‌లో చేరిన గాలిని తీయడం: కారణం వెతకడం నుంచి చివరి పరీక్ష దాకా

క్లచ్ పెడల్ తొక్కగానే కాలికి ఏ బరువూ తగలకుండా మెత్తగా దిగిపోతుంది. రివర్స్ గేరు వేయబోతే గరగరమని పళ్లు రాసుకుంటాయి. వరుసగా నాలుగైదు సార్లు తొక్కితే మాత్రం కాసేపు మళ్లీ సరిగ్గా పనిచేస్తుంది. ఈ మూడు లక్షణాలూ కలిసి కనిపించినప్పుడు క్లచ్ ఆయిల్ మార్గంలో గాలి చేరిందని చాలావరకు నమ్మవచ్చు. మెకానిక్‌లు దీనినే ‘ఎయిర్ పట్టింది’ అంటారు. ఆ గాలిని బయటికి పంపడానికి ఖరీదైన పరికరాలేవీ అవసరం లేదు. పని ఏ వరుసలో జరగాలో, ఆ వరుస అలాగే ఎందుకు ఉండాలో తెలిసి, తోడుగా మరొక మనిషి ఉంటే ఇంటి ముందే చేసుకోవచ్చు.

ముందుగా మీ వాహనానికి ఉన్నది హైడ్రాలిక్ క్లచ్ అవునో కాదో చూసుకోవాలి. ఆల్టో వంటి అనేక చిన్న కార్లలో పెడల్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండేది ఉక్కు తీగ మాత్రమే. అక్కడ ఆయిలూ ఉండదు, గాలి చేరే ప్రశ్నా రాదు. ఇన్నోవా వంటి వాహనాల్లో తీగకు బదులు ఆయిల్ గొట్టం ఉంటుంది. బానెట్ ఎత్తి, క్లచ్ పెడల్‌కు సరిగ్గా ఎదురుగా ఇంజన్ వైపు గోడకు బిగించిన చిన్న సిలిండర్, దాని నుంచి సన్నని లోహపు గొట్టం కనిపిస్తే అది హైడ్రాలిక్ పద్ధతి. ఆ సిలిండర్‌కు సొంత ఆయిల్ డబ్బా ఉండవచ్చు, లేదా బ్రేక్ ఆయిల్ డబ్బా నుంచే ఒక రబ్బరు గొట్టం వచ్చి దానికి కలుస్తూ ఉండవచ్చు. ఈ రెండో ఏర్పాటు ఉన్న వాహనంలో క్లచ్ పని చేయడమంటే బ్రేక్ ఆయిల్‌ను ముట్టుకోవడమేనన్న స్పృహ మొదటి నుంచీ ఉండాలి.

గాలి కొంచెమే చేరినా ఇంత నష్టం ఎందుకు

పెడల్ దగ్గర ఉన్నది మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్స్ దగ్గర ఉన్నది స్లేవ్ సిలిండర్. మాస్టర్‌లోని పిస్టన్ నెట్టిన ఆయిల్ గొట్టం గుండా వెళ్లి స్లేవ్‌లోని పిస్టన్‌ను నెడుతుంది, ఆ పిస్టన్ కడ్డీ క్లచ్ ఫోర్క్‌ను తోస్తుంది, ఫోర్క్ బేరింగ్‌ను ప్రెషర్ ప్లేట్ మీదికి ఒత్తి క్లచ్ ప్లేటును ఇంజన్ నుంచి విడదీస్తుంది. ద్రవాన్ని ఎంత నొక్కినా దాని పరిమాణం దాదాపు తగ్గదన్న ఒక్క గుణం మీదే ఈ ఏర్పాటంతా నిలబడి ఉంది. గాలికి ఆ గుణం లేదు.

ఒక ఉదాహరణతో లెక్క వేద్దాం. మాస్టర్ లోపలి వ్యాసం 15.87 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో 8వ వంతులు ఐదు అనుకుందాం. దాని పిస్టన్ 30 మిల్లీమీటర్లు కదిలితే పంపే ఆయిల్ సుమారు 6 మిల్లీలీటర్లు. స్లేవ్ వ్యాసం 19 మిల్లీమీటర్లయితే ఆ ఆయిల్‌తో దాని కడ్డీ దాదాపు 21 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. ఇప్పుడు గొట్టంలో ఒక్క మిల్లీలీటరు గాలి, అంటే చెంచాలో ఐదో వంతు, ఉందనుకోండి. పెడల్ తొక్కినప్పుడు పుట్టే ఒత్తిడికి ఆ గాలి దాదాపు పూర్తిగా నలిగిపోతుంది, అంటే మనం పంపిన 6 మిల్లీలీటర్లలో ఒకటి గాలిని నలపడానికే ఖర్చవుతుంది. కడ్డీ ప్రయాణంలో సుమారు 3.5 మిల్లీమీటర్లు పోతాయి. కడ్డీ ప్రయాణం ఫోర్క్, ప్రెషర్ ప్లేట్ దాటి క్లచ్ ప్లేటు దగ్గరికి వచ్చేసరికి బాగా తగ్గిపోయి, మిల్లీమీటరు కంటే తక్కువ ఖాళీగానే మిగులుతుంది కాబట్టి, ఈ మాత్రం లోటుకే ప్లేటు పూర్తిగా విడిపోక గేరు పళ్లు అరుస్తాయి. అందుకే బ్లీడింగ్‌లో, అంటే ఈ గాలి తీసే పనిలో, ‘కొద్దిగా బుడగలు మిగిలినా ఫరవాలేదు’ అనే మాటకు చోటు లేదు.

మొదటి పని గాలిని తీయడం కాదు, అది ఎలా వచ్చిందో కనుక్కోవడం

బాగున్న హైడ్రాలిక్ మార్గంలోకి గాలి దానంతట అదిగా రాదు. ఆయిల్ కారిపోయి డబ్బాలో మట్టం పడిపోయినా, సీళ్లు, అంటే సిలిండర్లలో ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు వలయాలు, అరిగి గాలిని లోనికి పీల్చినా, ఏదైనా భాగం విప్పి బిగించినా, పాత ఆయిల్‌లో చేరిన నీరు వేడికి మరిగి ఆవిరైనా ఈ లక్షణాలు వస్తాయి. నా సొంత వాహనం ఒకసారి విజయవాడ రహదారి మీద సూర్యాపేట దాటాక ఇలా మొరాయించింది. దారిలో ఒకచోట ఎయిర్ తీయించుకుంటే హాయిగా ఇల్లు చేరాను, కానీ పక్షం రోజులకు మళ్లీ అదే కథ మొదలైంది. స్లేవ్ సిలిండర్ మీది రబ్బరు తొడుగును వేలితో పక్కకు తీసి చూస్తే లోపల ఆయిల్ నిండి ఉంది. సీలు పోయిన సిలిండర్‌కు ఎన్నిసార్లు గాలి తీసినా అది తిరిగి వస్తూనే ఉంటుందని ఆ రోజు నాకు అర్థమైంది.

కాబట్టి పానా పట్టుకునే ముందు మూడు చోట్లు చూడండి. డ్రైవర్ కాళ్ల దగ్గర చాప ఎత్తి, పెడల్ పైభాగాన కడ్డీ గోడలోకి వెళ్లే చోట వేలు పెట్టి తడిమినప్పుడు జిగురుగా తడి తగిలితే మాస్టర్ సిలిండర్ వెనుక సీలు పోయినట్టు. స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు లోపల తడి ఉంటే దాని సీలు పోయినట్టు; చెమ్మగిల్లిన మాత్రంగా ఉంటే అప్పుడే కంగారు పడనక్కరలేదు గానీ, చుక్కలుగా జారుతుంటే మార్చాల్సిందే. మూడోది ఇంజన్ కదలికను తట్టుకోవడానికి మధ్యలో పెట్టే రబ్బరు గొట్టం. దానిపై పగుళ్లున్నాయేమో చూసి, మరొకరు పెడల్ తొక్కుతుండగా అది ఉబ్బుతోందేమో గమనించండి. ఉబ్బే గొట్టం కూడా గాలి ఉన్నట్టే మెత్తని పెడల్‌ను ఇస్తుంది.

బయట ఎక్కడా చుక్క కారకుండానే పాడయ్యే అవకాశం మరొకటుంది. ఇంజన్ నడుస్తుండగా పెడల్ తొక్కి, మొదటి గేరులో, బ్రేక్ మీద కాలుంచి అర నిమిషం అలాగే పట్టుకోండి. మొదట్లో బాగానే ఉండి క్రమంగా బండి ముందుకు లాగడం మొదలుపెడితే మాస్టర్ లోపలి సీలు ఆయిల్‌ను వెనక్కి జారవిడుస్తోందని అనుమానించాలి. ఇక ఎక్స్‌లేటర్ నొక్కితే ఇంజన్ అరుస్తూ వేగం మాత్రం పెరగకపోతే అది ప్లేటు అరుగుదల. గాలికీ దానికీ సంబంధం లేదు.

ఏ ఆయిల్ పోయాలి

బజారులో ‘క్లచ్ ఆయిల్’ అని అడిగినా షాపువాళ్లు ఇచ్చేది బ్రేక్ ఆయిలే, అది సరైనదే. చాలా వాహనాలకు డాట్ 3 లేదా డాట్ 4 సూచిస్తారు. వాహనంలోని ఆయిల్ డబ్బా మూత మీదే అది ముద్రించి ఉంటుంది, దాన్నే పాటించండి. ఈ రెండూ గ్లైకాల్ జాతివి. పేరులో దగ్గరగా కనిపించే డాట్ 5 సిలికాన్‌తో చేసినది, దాన్ని వీటితో ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు. డాట్ 5.1 మాత్రం గ్లైకాల్ జాతిదే. ఇంజన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్, డీజిల్ వంటివి కొద్దిగా కలిసినా సిలిండర్లలోని రబ్బరు సీళ్లు ఉబ్బి పనికిరాకుండా పోతాయి, అందుకే పాత ఇంజన్ ఆయిల్ పోసిన గరాటును ఈ పనికి వాడవద్దు.

గ్లైకాల్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. అదే ఆయిల్‌లో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3కి ఈ అంకెలు 205, 140. కోస్తా జిల్లాల ఉక్కపోతలో, వానాకాలంలో మూత తీసి ఉంచిన సీసా ఎంత త్వరగా పాడవుతుందో దీన్ని బట్టి ఊహించవచ్చు. నిరుడు సగం వాడి అలమరలో పెట్టిన సీసాను పక్కన పెట్టి, సీలు తీయని కొత్త అర లీటరు సీసా కొనండి. క్లచ్ మార్గంలో పట్టే ఆయిల్ తక్కువే గనుక, పాత ఆయిల్ మొత్తం కడిగి పంపడానికి కూడా అది సరిపోతుంది.

ఈ ఆయిల్ పెయింటును తినేస్తుంది. ఫెండర్ మీద తడి గుడ్డ పరచి, పక్కన బకెట్ నీళ్లు పెట్టుకోండి. చుక్క పడితే రుద్దకుండా నీళ్లు పోసి కడిగేయాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి, ఎందుకంటే కింద పడుకుని పని చేసేవారి మొహం సరిగ్గా నిపుల్ (స్లేవ్ సిలిండర్ మీద, విప్పితే ఆయిల్‌నూ గాలినీ బయటికి వదిలే బోలు మర) కిందే ఉంటుంది. కంట్లో పడితే ఎక్కువ నీటితో పదిహేను నిమిషాలు కడిగి వైద్యుడిని కలవాలి.

సిద్ధం చేసుకోవడం

సామాను కొంచెమే: నిపుల్‌కు సరిపోయే రింగ్ పానా (ఎక్కువగా 8 లేదా 10 మిల్లీమీటర్లు), నిపుల్ మీద బిగుతుగా కూర్చునే పారదర్శక ప్లాస్టిక్ గొట్టం ఒక అర మీటరు, పారదర్శకమైన ఖాళీ సీసా, నూలు పోగులు రాలని శుభ్రమైన గుడ్డలు, 50 లేదా 100 మిల్లీలీటర్ల పెద్ద సిరంజి. ఆక్వేరియం దుకాణంలో దొరికే గొట్టం బాగానే పనికొస్తుంది.

వాహనాన్ని చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మలు పెట్టండి. నిపుల్ పైనుంచే అందే వాహనాలు కొన్ని ఉన్నాయి, వాటిలో ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీస్తే చాలు. కిందికి దూరక తప్పని వాహనమైతే జాకీతో ఎత్తి, జాకీ స్టాండ్ల మీద నిలబెట్టాకే లోపలికి వెళ్లాలి. ఒట్టి జాకీ మీద, ఇటుకల మీద ఉన్న బండి కిందికి ఎవరూ వెళ్లకూడదు. ఈ పనిలో మనిషి ప్రాణం పోయే అవకాశమున్న ఘట్టం ఇది. ఇంజన్ చల్లారాకే మొదలుపెట్టండి, ఎందుకంటే స్లేవ్ సిలిండర్ పొరుగునే సైలెన్సర్ గొట్టం ఉండడం మామూలు.

డబ్బా మూత తీసే ముందు దాని చుట్టూ దుమ్ము తుడవండి. లోపలి పాత ఆయిల్ నల్లగా ఉంటే సిరంజితో చాలావరకు లాగేసి, అడుగు పూర్తిగా ఖాళీ కాకముందే కొత్తది పై గీత దాకా పోయండి. తరువాత నిపుల్ మీది రబ్బరు టోపీ తీసి, మట్టి శుభ్రం చేసి, పానా తగిలించి పావు చుట్టు వదులు చేసి మళ్లీ బిగించి చూడండి. తుప్పు పట్టి కదలకపోతే తుప్పు వదిలించే స్ప్రే బయటి మరలకు మాత్రమే కొంచెం తగిలించి కాసేపు ఆగాలి. నిపుల్ రంధ్రంలోకి అది వెళ్లకూడదు. బలవంతంగా తిప్పితే నిపుల్ మెడ విరిగి సిలిండరే మార్చాల్సి వస్తుంది.

ఇద్దరు మనుషుల పద్ధతి

ఒకరు డ్రైవర్ సీటులో, మరొకరు నిపుల్ దగ్గర ఉంటారు. ఎవరు ఏ మాటకు ఏం చేయాలో ముందే అనుకోవాలి. నిపుల్ దగ్గర ఉన్నవారే ఆదేశాలివ్వాలి, పైనున్నవారు ఆ పని పూర్తిచేసి జవాబు చెప్పాలి.

ముందు రింగ్ పానాను నిపుల్‌కు తగిలించి, ఆ తరువాత ప్లాస్టిక్ గొట్టం తొడగండి; ఈ వరుస తారుమారైతే మళ్లీ గొట్టం పీకాల్సి వస్తుంది. సీసాలో రెండంగుళాల ఎత్తున కొత్త ఆయిల్ పోసి, గొట్టం రెండో కొసను అందులో ముంచి ఉంచండి. గొట్టం నిపుల్ నుంచి కొంచెం పైకి లేచి, ఆ తరువాతే సీసాలోకి దిగేలా వంపు ఇస్తే బుడగలు నిపుల్‌కు దూరంగా తేలిపోతాయి.

ఇప్పుడు కింది నుంచి ‘తొక్కండి’ అనగానే పైవారు పెడల్‌ను నెమ్మదిగా, నిండుగా కిందికి తొక్కి, ‘తొక్కాను’ అని చెప్పి అలాగే పట్టుకోవాలి. కిందివారు నిపుల్‌ను అర చుట్టు విప్పుతారు. ఆయిల్, దానితో బుడగలు గొట్టంలోకి దూసుకొస్తాయి, పెడల్‌లో మిగిలిన బరువు పోతుంది. ప్రవాహం తగ్గుతుండగానే నిపుల్‌ను బిగించి, బిగించాకే ‘వదలండి’ అనాలి. మొత్తం పనికి ప్రాణం ఇక్కడే ఉంది: నిపుల్ తెరిచి ఉండగా పెడల్ పైకి వస్తే మాస్టర్ పిస్టన్ వెనక్కి వెళుతూ గొట్టంలోని ఆయిల్‌నూ, నిపుల్ మరల సందుల్లోని గాలినీ తిరిగి లోనికి పీలుస్తుంది. గంటసేపు చేసినా బుడగలు తగ్గడం లేదని విసుగు పడేవారిలో ఎక్కువమంది పొరపాటు ఈ ఒక్క క్షణంలోనే ఉంటుంది.

గాలి ఎక్కువగా ఉన్నప్పుడు పెడల్ తనంతట పైకి రాకపోవచ్చు. అప్పుడు పాదం పై భాగంతో గానీ చేత్తో గానీ పైకి లాగాలి. పూర్తిగా పైకి వచ్చాక రెండు మూడు సెకన్లు ఆగితే డబ్బా నుంచి ఆయిల్ దిగి మాస్టర్ నిండుతుంది. గబగబా పంపు కొట్టినట్టు తొక్కడం మంచిది కాదు, ఒక పెద్ద బుడగ వంద చిన్న బుడగలుగా చిలికినట్టవుతుంది, ఆ నురుగు తేలడానికి చాలా సమయం పడుతుంది.

నాలుగైదు సార్లకు ఒకసారి డబ్బా చూసి ఆయిల్ పోస్తూ ఉండాలి. మట్టం అడుగు గీత కిందికి జారి మాస్టర్ గాలి మింగితే మొదటికొచ్చినట్టే. బ్రేక్‌తో పంచుకునే డబ్బాలో సాధారణంగా క్లచ్ గొట్టం కొంత ఎత్తున ఉంటుంది, క్లచ్ ఆయిల్ కారిపోయినా బ్రేక్‌కు కావలసినది మిగలాలని అలా చేస్తారు. అందువల్ల డబ్బాలో ఇంకా ఆయిల్ కనిపిస్తుండగానే క్లచ్ వైపు గాలి దూరగలదు, కాబట్టి అడుగున ఉందిలే అని ధైర్యపడవద్దు.

సాధారణంగా పది నుంచి ఇరవై సార్లలో ఆయిల్ రంగు తేలిక పడి, బుడగలు ఆగుతాయి. ఒక్క బుడగా లేకుండా వరుసగా మూడు నాలుగు సార్లు వచ్చాకే ఆపండి. నిపుల్‌ను గట్టిగా నలిపేయకుండా చిన్న పానాతో మణికట్టు బలం మేరకు బిగిస్తే చాలు. ఎంత బలంతో బిగించాలో వాహనం సర్వీస్ పుస్తకంలో అంకె ఇచ్చి ఉంటే దాన్ని పాటించండి. రబ్బరు టోపీ పెట్టడం మరవవద్దు, అది లేకపోతే రంధ్రంలో మట్టి చేరి మరుసటిసారి పని కష్టమవుతుంది.

అయినా పెడల్ గట్టిపడకపోతే

గాలి పైకి తేలాలని చూస్తుంది, మనమేమో దాన్ని పైనున్న మాస్టర్ నుంచి కిందనున్న స్లేవ్ దాకా తోసి బయటికి పంపాలని చూస్తున్నాం. గొట్టంలో ఎత్తుగా వంపు తిరిగిన చోట బుడగ ఒకటి ఇరుక్కుంటే ఒక్కో తొక్కుకు కొంచెం దిగి మళ్లీ పైకి ఎక్కి అక్కడే కూర్చుంటుంది. అప్పుడు దాని స్వభావానికి అనుగుణంగా కింది నుంచి పైకి పంపడమే ఉత్తమం. సిరంజిలో కొత్త ఆయిల్ నింపి, దానిలో, దానికి తగిలించిన గొట్టంలో గాలి లేకుండా చేసి, నిపుల్‌కు తొడిగి, నిపుల్ అర చుట్టు విప్పి నెమ్మదిగా నొక్కండి. ముందే డబ్బాలోంచి కొంత ఆయిల్ తీసి ఖాళీ ఉంచాలి, లేకపోతే పొంగి పెయింటు మీద పడుతుంది. డబ్బాలో బుడగలు తేలడం కళ్లారా కనిపిస్తుంది. ఒంటరిగా పని చేయాల్సి వస్తే నేను ఎంచుకునేది ఈ పద్ధతినే. ఒక్క జాగ్రత్త: పాత ఆయిల్ మురికిగా ఉంటే అడుగునున్న మడ్డి మాస్టర్‌లోకి ఎక్కుతుంది, కాబట్టి ముందు మామూలు పద్ధతిలో దాన్ని బయటికి పంపాకే ఇది చేయాలి.

స్లేవ్ సిలిండర్ బయటే ఉన్న వాహనంలో మరో ఉపాయం ఉంది. నిపుల్ మూసి, డబ్బా మూత వదులు చేసి, స్లేవ్ కడ్డీని చేత్తో లోపలికి మెల్లగా నెట్టి, మెల్లగా వదలండి. పిస్టన్ వెనుకనున్న బుడగలు గొట్టం గుండా డబ్బాలోకి వెళ్లిపోతాయి. సిలిండర్‌ను బోల్టులు విప్పి కిందికి దించితే నిపుల్ ఉన్న కొసను ఎత్తి పట్టుకునే వీలు కూడా ఉంటుంది, కానీ ఆ స్థితిలో ఎవరూ పెడల్ తొక్కకూడదు. తొక్కితే పిస్టన్ ఊడి బయటికి వచ్చేస్తుంది.

కొన్ని వాహనాల్లో స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్‌కు ఉండే గంట ఆకారపు తొడుగు (బెల్ హౌసింగ్) లోపల, షాఫ్ట్ చుట్టూ ఉంగరంలా ఉంటుంది. అక్కడ నిపుల్ మాత్రమే బయట కనిపిస్తుంది. కొన్నింటికి మరల నిపుల్‌కు బదులు గొట్టం జాయింటు దగ్గర క్లిప్పు ఉంటుంది, దాన్ని ఒక మెట్టు వెనక్కి లాగితే ఆయిల్ వస్తుంది, పూర్తిగా లాగితే గొట్టమే ఊడుతుంది. ఇటువంటి సిలిండర్‌ను అమర్చకముందు చేత్తో నొక్కి చూడడం, గేర్‌బాక్స్ దించి ఉండగా పెడల్ తొక్కడం రెండూ సీళ్లను చెడగొడతాయి.

మాస్టర్ సిలిండర్ కొత్తది వేసిన తరువాత పెడల్ రాకపోతే గాలి చాలాసార్లు మాస్టర్‌లోనే ఉంటుంది. బిగించకముందే బల్ల మీద పట్టుకుని ఆయిల్ నింపి, కడ్డీని మెల్లగా నెడుతూ లోపలి గాలి తీసి ఉంటే ఈ ఇబ్బంది రాదు. అలా చేయనప్పుడు మాస్టర్ నుంచి బయలుదేరే గొట్టం నట్టు చుట్టూ గుడ్డ చుట్టి, పెడల్ తొక్కి పట్టుకుని ఆ నట్టును కొంచెం వదులు చేసి, బిగించి, అప్పుడు వదలాలి. నిపుల్ దగ్గర పాటించిన వరుసే ఇక్కడా వర్తిస్తుంది.

పెడల్ కడ్డీ అమరికను కూడా ఒకసారి చూడండి. పెడల్ పూర్తిగా పైన ఉన్నప్పుడు కడ్డీకీ పిస్టన్‌కూ మధ్య కొద్దిపాటి ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, డబ్బా నుంచి ఆయిల్ దిగే చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. అప్పుడు ఎంత బ్లీడింగ్ చేసినా ఆయిల్ దిగదు. పైగా వేడికి వ్యాకోచించిన ఆయిల్ వెనక్కి పోయే దారి లేక క్లచ్ కొద్దికొద్దిగా విడిపోయి జారడం మొదలవుతుంది.

పరీక్షించడం

డబ్బాలో ఆయిల్‌ను పై గీత మించకుండా సరిచేసి మూత బిగించండి. ఇంజన్ ఆపి ఉంచే పెడల్‌ను పదిసార్లు తొక్కితే మొదటి తొక్కుకూ పదో తొక్కుకూ తేడా తెలియకూడదు. తరువాత వాహనాన్ని కిందికి దించి, ముందు ఖాళీ స్థలం ఉన్నచోట ఇంజన్ స్టార్ట్ చేసి, పెడల్ నిండుగా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. చప్పుడు లేకుండా పడాలి. ఆయిల్ డబ్బా బ్రేక్‌తో కలిసి ఉన్న వాహనమైతే రోడ్డెక్కే ముందు బ్రేక్ పెడల్ గట్టిగా ఉందో లేదో తప్పక తొక్కి చూసి, ఆవరణలోనే నెమ్మదిగా నడిపి ఆపి చూడండి. అది మెత్తగా ఉంటే బ్రేక్‌లో కూడా గాలి పడినట్టే, ఆ పని పూర్తయ్యే దాకా బండి కదపకూడదు.

డబ్బా మీద ఆయిల్ మట్టం దగ్గర స్కెచ్ పెన్నుతో ఒక గీత గీసి, తేదీ రాసి పెట్టుకోండి. వారం తరువాత, నెల తరువాత చూడండి. మట్టం తగ్గితే ఆయిల్ ఎక్కడో కారుతోంది, స్లేవ్ తొడుగు దగ్గర మొదలుపెట్టి మళ్లీ వెతకాలి. మట్టం అలాగే ఉన్నా పెడల్ మెత్తబడితే మాస్టర్ లోపలి సీలు వంతు వచ్చింది. తీసిన పాత ఆయిల్‌ను కాలువలో గానీ మొక్కల దగ్గర గానీ పారబోయకుండా, ఇంజన్ ఆయిల్‌తో కలపకుండా, మూత ఉన్న సీసాలో పిల్లలకు అందని చోట ఉంచి, వాడిన ఆయిళ్లను సేకరించే వర్క్‌షాపుకు అప్పగించండి.